మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

అమీర్‌పేట, పంజగుట్టలు ఈనాడు హైదరాబాదు మహానగరానికి నడిబొడ్డు. తలపైన మెట్రో రైలు, క్రింద ఎడతెగని వాహనాలు, పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రికి వచ్చిపోయే రోగులు, అమీర్‌పేట సందుల్లో పుస్తకాల సంచులతో కోచింగు కేంద్రాలకు పరుగులెత్తే విద్యార్థులు. ఈ జనప్రవాహంలో పడి సికింద్రాబాదు దిక్కుగా సాగిపోయేవారికి కొద్ది దూరంలోనే బేగంపేట తగులుతుంది. అక్కడ పాత విమానాశ్రయం సమీపాన, పెద్ద రోడ్డుకు లోపలగా ఒక పాతకాలపు బంగళా ఉన్నది. చాలామందికి అది కంటపడదు. కంటపడినా అందులో విశేషమేమీ కనిపించదు. 1897వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీ, శుక్రవారం నాడు, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, అక్కడి సైనిక వైద్యశాలలో నలభై యేళ్ళ ఆంగ్ల వైద్యుడొకడు ఒక దోమ పొట్టను చీల్చి సూక్ష్మదర్శినిలో చూచాడు. లోకంలో మానవుని ఎక్కువగా హింసించిన వ్యాధులలో ఒకటైన మలేరియా ఏ దారిన వస్తున్నదో తెలియటానికి తొలి ఆనవాలు ఆ చూపులో చిక్కింది. ఆ వైద్యుడే సర్ రోనాల్డ్ రాస్.

రాస్ పుట్టుకే ఒక కల్లోలకాలంలో జరిగింది. 1857 మే 10న మీరటులో సిపాయీలు తిరగబడ్డారు. సరిగా మూడు రోజుల తరువాత, మే 13న, హిమాలయ పాదప్రాంతంలోని అల్మోడాలో రోనాల్డ్ జన్మించాడు. తండ్రి కాంప్‌బెల్ రాస్ భారతదేశంలోని ఆంగ్లసైన్యంలో అధికారి. తరువాత సేనాపతి పదవి వరకు ఎదిగినవాడు. తల్లి మెటిల్డా. పదిమంది సంతానంలో రోనాల్డే జ్యేష్ఠుడు. ఆనాటి ఆంగ్ల కుటుంబాల ఆనవాయితీ ప్రకారం ఎనిమిదవ యేట పిల్లవాణ్ణి ఇంగ్లండుకు పంపి, వైట్ ద్వీపంలోని బంధువుల ఇంట చదువుకు పెట్టారు. తల్లిదండ్రులు ఒక ఖండంలో, బిడ్డ మరొక ఖండంలో. ఆ ఒంటరితనమే కాబోలు అతనిని కవిత్వానికి, సంగీతానికి, చిత్రలేఖనానికి దగ్గర చేసింది. గణితమంటే కూడ అతనికి విపరీతమైన ఇష్టం. ఇష్టం లేనిది ఒక్కటే, వైద్యం.

కాని తండ్రి మాట వేరు. కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి స్థిరమైన ఉద్యోగం సంపాదించాలని ఆయన పట్టుదల. చిత్రకారుడు కావాలనుకొన్న కుర్రవాడు లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరవలసి వచ్చింది. ఇష్టం లేని చదువు ఎట్లా సాగుతుందో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. నాటకాలు వ్రాసుకొంటూ, పియానో వాయించుకొంటూ కాలం గడిపాడు. 1879లో ఒక పరీక్ష గట్టెక్కాడు గాని మరొకటి తప్పాడు. తండ్రి సొమ్ముపై ఆధారపడటం ఇష్టంలేక, అట్లాంటిక్ మహాసముద్రంపై రాకపోకలు చేసే ఓడలో వైద్యునిగా కొంతకాలం పనిచేశాడు. 1881లో తప్పిన పరీక్ష పూర్తి చేసి, సర్వీసు పరీక్షలో కూడ నెగ్గి, ఆ సంవత్సరమే సైనికుల ఓడలో భారతదేశానికి బయలుదేరాడు. నోబెల్ బహుమానం పొందబోయే శాస్త్రజ్ఞుని విద్యార్థిదశ ఇంత చప్పగా గడవటం విచిత్రమే. తరగతిలో మందకొడిగా కనిపించే పిల్లవానిపై తొందరపడి తీర్పు చెప్పేవారు ఒక్క క్షణం ఆగవలసిన చోటు ఇది.

అతనికి లభించింది మద్రాసు రాజధానిలో ఉద్యోగం. మద్రాసు, బెంగుళూరు, బర్మాలోని మౌల్మీను, అండమాను దీవులు - ఇట్లా ఊరూరు తిరిగాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో నవలలు, పద్యాలు వ్రాశాడు. గణితగ్రంథాలు తనంతట తానే పఠించాడు. 1883లో బెంగుళూరులో ఒక చిన్న సంఘటన జరిగింది. తన బంగళాలో దోమలు విపరీతంగా ఉండటం చూచి కారణం వెదికితే, కిటికీ క్రింద నీళ్ళ తొట్టిలో తోకపురుగులు కదలాడుతున్నాయి. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గిపోయాయి. ఇదే ఉపాయాన్ని సైనికుల భోజనశాలలోని తొట్లకు, పూలకుండీలకు కూడ ప్రయోగిద్దామని పై అధికారికి చెబితే ఆయన పెదవి విరిచి త్రోసిపుచ్చాడు. అప్పటికి దోమకు, జ్వరానికి సంబంధం ఉన్నదని రాస్ కలలో కూడ అనుకోలేదు. దోమ కుట్టకూడదన్నంత వరకే అతని ఆలోచన.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్నాడు. సూక్ష్మజీవుల శాస్త్రం అభ్యసించాడు. 1889లో రోజా బ్లాక్సం అనే యువతిని వివాహమాడి తిరిగివచ్చాడు. మనిషిలో మార్పు కనిపించసాగింది. వెన్నెలలో పద్యాలల్లుకొన్నవాడు జ్వరపీడితుల మంచాల దగ్గర నిలబడి ఆలోచించటం మొదలుపెట్టాడు.

ఆ జ్వరం మన తెలుగువారికి క్రొత్త కాదు. రోజు విడిచి రోజు చలితో వణికించి, పిదప కాల్చివేసి, చివరకు చెమటలతో ముంచి విడిచే చలిజ్వరాన్ని ఎరుగని పల్లె ఒకనాడు లేదు. జ్వరం పాతబడినకొద్దీ ప్లీహం ఉబ్బితే పొట్టలో బల్ల పెరిగిందనేవారు. మన్యం జ్వరం పేరు వింటేనే గోదావరి, విశాఖ ఏజెన్సీలకు బదిలీ అయిన ఉద్యోగుల గుండె జారేది. క్వినైను ఇస్తే తగ్గుతుందని వైద్యులకు తెలుసును గాని, ఎందువల్ల వస్తుందో తెలియదు. చిత్తడినేలల నుండి లేచే చెడుగాలి వల్ల వస్తుందని పాశ్చాత్యులు నమ్మారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. 1880లో అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచి సైనికవైద్యుడు రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని కనుగొన్నాడు. చెడుగాలి సిద్ధాంతానికి అది తొలి దెబ్బ. కాని ఆ జీవి రక్తంలోకి ఎట్లా వచ్చింది? మనిషి నుండి మనిషికి ఏ వాహనమెక్కి ప్రయాణం చేస్తున్నది?

ఇక్కడ కొంచెం ప్రక్కదారి పట్టక తప్పదు. పరాన్నజీవులలో చాలవాటికి ఒక ఇల్లు చాలదు, రెండిళ్ళు కావాలి. మన గొర్రెల కాపరులకు కార్జపు జలగ బాగా తెలుసు. ఆకువలె చదునుగా ఉండే ఆ పురుగు గొర్రె కార్జంలో, పైత్యనాళాలలో కాపురముంటుంది. గొర్రె చిక్కి, రక్తం తగ్గి, దవడక్రింద నీరు దిగుతుంది. ఆ పురుగు గుడ్లు పెంటికలతోపాటు బయటపడి, నీటిలో పగులుతాయి. వెలువడిన పిల్ల ఈదుకొంటూ పోయి నత్తను వెదికి అందులో దూరుతుంది. నత్తలో ఒకటి అనేకమై, మళ్ళీ నీటిలోకి వచ్చి, గడ్డిపరకలను అంటుకొని గట్టిపొర కప్పుకొంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో మళ్ళీ కథ మొదలు. నత్తలేని చోట ఆ రోగం లేదు. ఈ చక్రాన్ని 1880వ దశకం మొదట్లో జర్మనీలో లూకార్ట్, ఇంగ్లండులో థామస్ విడివిడిగా విప్పి చూపారు. చెరువు గట్టు మేత చేటని కాపరులు అనుభవంతో గ్రహించినదానికి శాస్త్రం కారణం చెప్పింది.

అదే కాలంలో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు చైనాలోని అమోయ్ రేవులో బోదకాలు పురుగును పరిశీలిస్తున్నాడు. 1877లో, ఆ పురుగు పిల్లలు రక్తం పీల్చిన దోమలోనికి చేరి అక్కడ పెరుగుతాయని అతడు గుర్తించాడు. నత్త చేసే పని దోమ కూడ చేయగలదని దీనితో తేలింది. లండనుకు తిరిగివచ్చిన మాన్సన్ మలేరియా జీవికి కూడ దోమయే రెండవ ఇల్లు కావచ్చునని ఊహించాడు. ఊహ సరియైనదే గాని అందులో ఒక పెద్ద పొరపాటు కలిసి ఉన్నది. దోమ జీవితంలో ఒక్కమారే రక్తం త్రాగి, నీటిలో గుడ్లుపెట్టి చస్తుందనీ, ఆ నీరు త్రాగినవారికి రోగం వస్తుందనీ ఆయన భావించాడు. గురువు పొరపాటు శిష్యుని రెండేళ్ళ కాలాన్ని మ్రింగింది.

1894లో రాస్ లండనులో మాన్సన్‌ను కలిసికొన్నాడు. అంతకుముందు లావరాన్ జీవిని ఎంత వెదికినా కనపడక, అది ఉన్నదన్న మాటనే రాస్ శంకించాడు. మాన్సన్ రోగి రక్తంలో నెలవంక ఆకారంలోని ఆ జీవిని కళ్ళారా చూపించాడు. ఆ తరువాత నాలుగైదు సంవత్సరాలు వారిద్దరిమధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. శాస్త్రచరిత్రలో గురుశిష్యుల ఉత్తరప్రత్యుత్తరాలకు అంతటి ఉదాహరణలు అరుదు.

1895 ఏప్రిలులో రాస్ సికింద్రాబాదు చేరాడు. 19వ మద్రాసు పదాతిదళానికి ఆయన వైద్యుడు. దాని ఆసుపత్రి బేగంపేటలో. హైదరాబాదును అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలిస్తున్నాడు. మత్తుమందుగా క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో ఎడ్వర్డ్ లారీ జరిపించిన ప్రయోగాల వల్ల హైదరాబాదు పేరు అప్పటికే విదేశీ వైద్యలోకంలో వినిపించింది. ఆ లారీకి మాత్రం లావరాన్ జీవిపై నమ్మకం లేదు. రాస్ చేతిలో ఉన్నవి ఒక సూక్ష్మదర్శిని, కొన్ని సీసాలు, దోమతెరలు. ప్రభుత్వం ఈ పరిశోధనకు ఆయనను నియమించలేదు. రోజువారీ ఉద్యోగం అయిన తరువాత మిగిలిన కాలమే ప్రయోగాల కాలం.

అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో నెలవంకలు పుష్కలంగా కనిపించాయి. రాస్ దోమలను పెంచి, తెరలో ఆ రోగిపై వదిలి, రక్తం త్రాగిన దోమలను కోసి చూచాడు. దోమ కడుపులో నెలవంకలు గుండ్రనై, వాటినుండి తీగలవంటి అవయవాలు వెలువడటం కనిపించింది. అంతటితో సరి, ఆపై ఏమవుతున్నదో అంతుచిక్కలేదు. మాన్సన్ సిద్ధాంతాన్ని పరీక్షించటానికి దోమలు చచ్చిన నీటిని లక్ష్మన్ అనే పనివాని చేత త్రాగించాడు. అతనికి స్వల్పంగా జ్వరం వచ్చిందిగాని, మలేరియా అని తేలలేదు. ఈనాటి వైద్యనీతి ప్రకారం ఇట్టి ప్రయోగానికి ఎవరూ అంగీకరించరు. ఆనాడు సైనికవైద్యుడైన దొర డబ్బులిచ్చి చేయమంటే కాదనగల స్థితి పేదవానికి ఉన్నదా అన్నది అడగవలసిన ప్రశ్న. రాస్ మహత్కార్యాన్ని గౌరవిస్తూనే ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టకుండ ఉండటం న్యాయం.

ఆయన వేలకొలది గంటలు వెచ్చించి కోసినవి అసలు దోమలు కావు. ఇళ్ళలో నిత్యం కనిపించే బూడిదరంగు దోమలు, చారల దోమలు మాత్రమే ఆయనకు దొరికేవి. మలేరియా జీవి వాటిలో బ్రతకదు. ఏ దోమ ఏ జాతిదో చెప్పే గ్రంథం ఆయన చేతిలో లేదు. తాళంచెవి తప్పని తెలియక తాళాన్ని తిట్టుకొంటున్నట్లయింది పని. పైగా 1895 సెప్టెంబరులోనే బెంగుళూరులో కలరా నివారణకు పొమ్మని ఉత్తరువు వచ్చింది. పరిశోధన దాదాపు రెండేళ్ళు మూలపడింది. 1897లో ఉదకమండలం వెళ్ళినప్పుడు సిగూరు కనుమలో ఆయనకే మలేరియా సోకింది. అక్కడే, రెక్కలపై మచ్చలున్న, గోడమీద తోక పైకెత్తి వాలే ఒక క్రొత్తరకపు దోమ ఆయన కంటబడింది.

1897 జూనులో తిరిగి సికింద్రాబాదు వచ్చాడు. ఆ యేడు వానలు వెనుకబట్టి ఉక్క దుర్భరంగా ఉన్నది. చిన్న గదిలో, గాలికి దోమలు చెదరిపోతాయని పంకా కూడ లాగించకుండా, రాస్ పొద్దుగూకే వరకు పనిచేసేవాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టాయి. కంటిదగ్గరి అద్దం పగిలింది. ఎగిరే చిన్నపురుగులు కళ్ళలో, చెవుల్లో దూరేవి. ఒక్కొక్క దోమను కణమొకటి విడవకుండ వెదకటానికి రెండేసి గంటలు పట్టేది. చూచి చూచి కన్నులు మసకలు కమ్మేవి.

ఆగస్టు నడిమికి అదృష్టం తలుపుతట్టింది. దోమలను సేకరించే పనివారు ఒక సీసాలో క్రొత్తరకం తోకపురుగులను తెచ్చారు. మామూలు తోకపురుగులు నీటిపైభాగాన తలక్రిందులుగా వ్రేలాడతాయి; ఇవి నీటిమట్టానికి సమాంతరంగా పడుకొని ఉంటాయి. వాటినుండి మచ్చరెక్కల గోధుమవన్నె దోమలు వెలువడ్డాయి. వాటిని తెచ్చిన పనివారి పేర్లు మనకు మిగలలేదుగాని, ఆ సీసా లేకపోతే ఈ కథ లేదు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను వదిలారు. పది దోమలు అతని రక్తం త్రాగాయి. దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు పది అణాలు ముట్టాయి. పదహారణాలు ఒక రూపాయి అయిన రోజులవి.

మరునాటినుండి రాస్ ఒక్కొక్క దోమను కోయటం మొదలుపెట్టాడు. తొలి దోమలలో ఏమీ లేదు. కొన్ని తమంత తామే చచ్చిపోయాయి. 20వ తేదీనాటికి మిగిలినవి రెండే. ఆ ఉదయం ఆసుపత్రికి వెళ్ళి రోగులను చూచి, ఉత్తరాల పని ముగించుకొని, మధ్యాహ్నం ఒక దోమను కోశాడు. రొమ్ము, తల, కండరాలు అన్నీ వెదికినా శూన్యం. చివరకు మిగిలింది కడుపు గోడ ఒక్కటే. విసుగుతో మానివేయబోయి, మళ్ళీ మనస్సు ఒప్పక దానిని కూడ చూడసాగాడు. అక్కడ, దోమ కడుపు కణాలలో ఉండరానంత స్పష్టమైన గుండ్రని గీత కనిపించింది. ఇంకొంచెం జరిపితే మరొకటి. ఒక్కొక్కదానిలో చిన్న చిన్న నల్లని రేణువులు. అవి మలేరియా జీవి రక్తంలో ఉన్నప్పుడు దాని దేహంలో కనిపించే రేణువుల వంటివే.

రాస్ తొందరపడలేదు. ఇది ఆయనలోని శాస్త్రజ్ఞునికి నిజమైన పరీక్ష. అవి మలేరియా జీవులే అయితే రోజు గడిస్తే పెరగాలి. మరునాడు, 21న, చివరి దోమను కోశాడు. గుండ్రని కణాలు ఉన్నవి. నిన్నటికన్న పెద్దవై ఉన్నవి. నత్తలో కార్జపు జలగ పెరిగినట్లే, మచ్చరెక్కల దోమ కడుపు గోడలో మలేరియా జీవి పెరుగుతున్నది. ఆ ఆనందంలో కవి మేలుకొని ఒక పద్యం వ్రాశాడు. దానిలోని చరణాలు తరువాతి కాలంలో కలకత్తాలోని ఆయన స్మారకద్వారంపై చెక్కబడ్డాయి. శాస్త్రపత్రికకు పంపిన వ్యాసంలో మాత్రం కవిత్వం లేదు. మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన విచిత్రకణాలు అన్నంత నెమ్మదైన శీర్షికతో, 1897 డిసెంబరు 18న బ్రిటిష్ వైద్యపత్రికలో అది ప్రచురితమైంది.

ఇక రెండు మూడు వారాలు గడిస్తే కథ ముగిసేదే. ఇంతలో సెప్టెంబరులో పిడుగువంటి బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వాడాకు వెళ్ళమన్నారు. అక్కడ మలేరియా రోగులే అరుదు. ఒక ఉత్తరువుతో సర్కారు తన ఉద్యోగి చేతిలోని దీపాన్ని ఊదివేసినట్లయింది. రాస్ మొరపెట్టుకొన్నాడు, లండనులో మాన్సన్ తన పలుకుబడి ఉపయోగించాడు. చివరకు 1898 ఆరంభంలో కలకత్తాలో ఆరునెలల ప్రత్యేక పరిశోధనకు అనుమతి దొరికింది.

కలకత్తాలో మరొక చిక్కు. ప్లేగు భయంతో, టీకాల పుకార్లతో జనం అట్టుడికిపోతున్నారు. వ్రేలినుండి ఒక చుక్క రక్తమియ్యమంటే రోగులు పారిపోయారు. మనుష్యులు దొరకనందున రాస్ పక్షులను ఆశ్రయించాడు. పిచ్చుకలకు కూడ మలేరియా వంటి రోగం ఉన్నది; దానిని మోసేది మామూలు బూడిదరంగు దోమ. సికింద్రాబాదులో తన కాలాన్ని వృథాచేసిన ఆ దోమయే ఇక్కడ ఉపకరించింది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పట్టటంలో, పెంచటంలో కుడిభుజంగా నిలిచాడు. కడుపు గోడలోని కణాలు పెరిగి పెరిగి పగిలి, వాటినుండి వేలకొలది దారపుముక్కలవంటి సూక్ష్మజీవులు వెలువడి దోమ దేహమంతా వ్యాపించటం రాస్ చూచాడు. అవి ఎక్కడికి పోతున్నవి? 1898 జూలై ఆరంభంలో సమాధానం దొరికింది. దోమ తలవైపున్న ఒక గ్రంథిలో అవి క్రిక్కిరిసి ఉన్నవి. ఆ గ్రంథి నాళం తొండంలోనికి పోతున్నది. అది దోమ లాలాజలగ్రంథి! రోగం నీటిలో లేదు, గాలిలో లేదు. కుట్టే దోమ ఉమ్మిలో ఉన్నది. జబ్బు దోమల చేత కుట్టించిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు రోగం పట్టుకొన్నది. చక్రం మూసుకొన్నది. ఆ నెలలోనే ఎడింబరోలో జరిగిన వైద్యుల మహాసభలో మాన్సన్ శిష్యుని విజయాన్ని ప్రకటించాడు. తన నీటి సిద్ధాంతం తప్పిపోయినందుకు ఆయన చిన్నబుచ్చుకోలేదు.

పిచ్చుకలలో చూపినది మనుష్యులలో కూడ పూర్తిగా చూపే అవకాశం మాత్రం రాస్‌కు చిక్కలేదు. కాలా ఆజార్ జ్వరాన్ని పరిశీలించమని అస్సాము పంపారు. ఈలోగా ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బాస్తియానెల్లీ అనే శాస్త్రజ్ఞులు 1898 చివరలో అనాఫిలీస్ జాతి దోమలో మానవ మలేరియా జీవి చక్రమంతా నిరూపించారు. రాస్ సికింద్రాబాదులో చూచిన మచ్చరెక్కల దోమ ఆ జాతిదే. ఈ కీర్తి ఎవరిదన్న తగవు జీవితాంతం సాగింది. రాస్ కలం గ్రాసీని తూలనాడటంలో హద్దు దాటిందనే చెప్పాలి. దారి చూపినది రాస్. మానవునిలో దానిని చివరి మెట్టు వరకు నడిచినవారు ఇటలీవారు. ఇద్దరి పనినీ గౌరవించటానికి లోకానికి అడ్డమేమీ లేదు, వారికే అడ్డం వచ్చింది. 1902లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానం రాస్ ఒక్కనికే లభించింది. ఆ శాస్త్రంలో అది రెండవ బహుమానం, ఆంగ్లేయులకు మొదటిది.

1899లోనే ఉద్యోగం విడిచి రాస్ లివర్‌పూల్‌లో క్రొత్తగా వెలసిన ఉష్ణమండలవైద్య విద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. సియెర్రా లియోనె, సూయజ్ కాలువ తీరాన ఇస్మాయిలియా, మారిషస్ తిరిగి, దోమల పుట్టిళ్ళైన గుంటలను పూడ్చి జ్వరాన్ని తగ్గించవచ్చునని బోధించాడు. బెంగుళూరు తొట్టిని బోర్లించిన రోజు నుండి ఆ బుద్ధి ఆయనను విడువలేదు. దోమలను అన్నింటినీ చంపటం అసాధ్యంగదా అని వాదించినవారికి ఆయన గణితంతో జవాబు చెప్పాడు. ఒక జ్వరరోగి నుండి సగటున ఒక్కరికన్న తక్కువమందికి రోగం అంటేటట్లు దోమల సంఖ్యను తగ్గిస్తే చాలు, రోగం దానంతట అదే అణగిపోతుందని సమీకరణాలు వ్రాసి చూపాడు. 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో ఈ గణితానికి చోటిచ్చాడు. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టే నేటి శాస్త్రానికి మూలపురుషులలో ఆయన ఒకడు. బాల్యంలో ప్రేమించిన గణితం ఇంత కాలానికి వైద్యంతో చెలిమి కట్టింది.

1911లో సర్ బిరుదం వచ్చింది. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, పెద్దకుమారుడు ఫ్రాన్సులోని లె కాతో యుద్ధంలో మరణించాడు. తన పరిశోధనకు ప్రభుత్వం పారితోషికమియ్యాలని చేసికొన్న విన్నపం నెరవేరలేదు. 1926లో లండనులో ఆయన పేర పరిశోధనాలయం వెలసింది. 1927లో కలకత్తాలో స్మారకద్వారం ఆవిష్కరించినప్పుడు ఆయన స్వయంగా హాజరయ్యాడు. ఆ సంవత్సరమే పక్షవాతం సోకింది. 1931లో భార్య మరణించింది. 1932 సెప్టెంబరు 16న, తన పేరుగల పరిశోధనాలయంలోనే రాస్ కన్నుమూశాడు.

చక్రంలో ఇంకా ఒక ముక్క ఆయనకు తెలియకుండానే మిగిలిపోయింది. దోమ కుట్టిన వెంటనే మలేరియా జీవి రక్తకణాలలోకి పోదు. ముందు కార్జంలో కొన్నాళ్ళు దాగి పెరుగుతుంది. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రజ్ఞులు దానిని కనుగొన్నారు. భారతదేశంలో 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమాలు ఆరంభమయ్యాయి. డి.డి.టి. పిచికారీతో వ్యాధి దాదాపు అణగింది. అణగిందనుకొన్న వ్యాధి 1976లో మళ్ళీ అరవై లక్షల మందికి పైగా పట్టి పీడించింది.

బేగంపేటలోని పాత బంగళా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనంలో రాస్ పేర పరాన్నజీవశాస్త్ర సంస్థగా నిలిచింది. 1997లో ఆవిష్కరణ శతవార్షికం జరిగినప్పుడు దేశదేశాల శాస్త్రజ్ఞులు హైదరాబాదుకు వచ్చారు. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి కూడ రాస్ పేరే పెట్టారు. పాతబస్తీ ప్రజలు ఇప్పటికీ దానిని కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. ఆగస్టు 20ని లోకమంతా దోమల దినంగా పాటిస్తున్నది. హుసేన్ ఖాన్ పేర మాత్రం ఎక్కడా శిలాఫలకం కనిపించదు.

బేగంపేట మీదుగా కూకట్‌పల్లి నాలా హుసేన్‌సాగరం వైపు పారుతూనే ఉన్నది. పట్టణాలలో మలేరియాను మోసే అనాఫిలీస్ స్టిఫెన్సై దోమ మురుగునీటికన్న మంచినీటినే ఎక్కువ కోరుతుంది. మూతలేని మేడమీది తొట్లు, బావులు, కట్టుబడి జరిగేచోట నిలిచిన నీళ్ళు దానికి పుట్టిళ్ళు. వానకాలం వచ్చిందంటే పురపాలక సిబ్బంది అమీర్‌పేట, పంజగుట్ట మేడలెక్కి, తొట్ల మూతలు తీసి, నీటిలోకి వంగి తోకపురుగుల కోసం వెదుకుతారు.